దాచిపెట్టిన హల్లెలూయ

ఆ రోజుల్లో హార్మోనియం గురించి నాకు తెలియనిదంటూ ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (ఇరవై దాటిన కొత్తలో ఇలాంటి నమ్మకాలు ఊరికే వచ్చేస్తాయి, వదిలించుకోవడానికే సగం జీవితం పడుతుంది.) మాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. పగలంతా నాయన మగ్గం మీద అటూ ఇటూ విసిరే నాడె చప్పుడు, సాయంత్రమైతే మా వీధి భజన మండలి తాళాల చప్పుడు, ఈ రెండింటి మధ్యే పెరిగాను. శ్రావణ మాసంలో ఉరుకుంద ఏరన్న స్వామి తిరునాళ్లకు మా మండలి పోతే హార్మోనియం ముందు కూర్చునేది నేనే. మా భజన గురువుది కంచు కంఠమే కానీ, పాపం బీడీల దగ్గు. పల్లవి మధ్యలో దగ్గు తెర వచ్చి ఆయన గొంతు ఆగిపోతే, పాట కింద పడకముందే హార్మోనియం వాయించేవాడు గొంతెత్తి దాన్ని అందుకోవాలి. అది మా మండలిలో మొదటి నియమం. రెండోది, ఎంత నిదానంగా మొదలైన పాటైనా చివరికొచ్చేసరికి ఉరకాలి. తాళాలు ఉరకాలి, తబలా ఉరకాలి, పాడేవాళ్లు ఆయాసపడాలి, అప్పుడే భజన జరిగినట్టు. ఈ రెండూ నా వేళ్లలో ఎంతగా ఇంకిపోయాయంటే వాటిని నేను ఒక మండలి అలవాట్లు అనుకోలేదు, సంగీతమంటేనే అది అనుకున్నాను.

డిగ్రీ అయిపోయాక ఆదోనిలో ఒక బట్టల దుకాణంలో పనికి కుదిరాను. రోజూ పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. ఆ దుకాణంలోనే నాకంటే పదేళ్లు పెద్దవాడొకాయన బేళ్లు కట్టేవాడు. కట్టిన ప్రతి బేలు మీదా వేళ్లతో ఒక తాళం వేసి గానీ కిందికి దించేవాడు కాదు. నేను ఆయన్ని తబలా అన్న అని పిలిచేవాణ్ణి. వాళ్లది లూథరన్ చర్చి, అక్కడ పాటలకు తబలా వాయించేది ఆయనే. అక్కడ చాలా ఏళ్లు హార్మోనియం వాయించిన సారు ఒకాయన ఆ ముందటి వానాకాలంలో కాలం చేశాడట. అప్పటినుంచి పెట్టె మూసే ఉంది, వాయించేవాళ్లు లేరు, ఈస్టరు పండగ దగ్గరికొస్తోంది. నువ్వు రాకూడదా అని అన్న అడిగాడు. అడిగిన మాట పూర్తి కాకముందే నేను ఒప్పుకున్నాను. వాళ్ల దేవుడి మీద భక్తితో కాదు, నన్ను ఒకరు సంగీతం కోసం పిలవడం అదే మొదటిసారి కాబట్టి. ఇంట్లో ఏమంటారోనని భయపడుతూ అవ్వకు చెప్పాను. అవ్వ నూలు చుడుతున్న చేయి ఆపకుండానే, దేవుని ముందర వాయించేదానికి ఏ దేవుడని అడిగేదేముంది, స్నానం చేసి పో అంది. నాకు దొరికిన అనుమతి పత్రం అంతే.

మొదటి రోజు సాయంత్రం చర్చిలో అడుగు పెట్టి, నిజం చెప్పాలంటే, గుమ్మంలోనే ఆగిపోయాను. నేను ఊహించుకున్నది వేరు. మైకులు, రంగు బల్బులు, పెద్ద పెద్ద బ్యానర్లు ఉంటాయనుకున్నాను. ఇక్కడ ఎత్తైన రాతి గోడలు, ఇంత పొడుగు కిటికీలు, ముందర ఊదా రంగు గుడ్డ కప్పిన బల్ల, దాని మీద ఒక సిలువ, అంతే. దీపం కూడా చిన్నదే. మన అడుగుల చప్పుడు మనకే పెద్దగా వినిపించేంత నిశ్శబ్దం. గాయకుల బృందం బెంచీల మీద కూర్చుని ఉంది. వాళ్ల మధ్య తెల్ల నూలు చీరలో నిటారుగా ఒకావిడ. అందరూ ఆమెను టీచరమ్మ అంటారు. ఊళ్లో సగం మందికి అక్షరాలు దిద్దించి రిటైరైన మనిషి, పాటలు నేర్పేది ఆమే. చనిపోయిన హార్మోనియం సారు ఆమె భర్తే. (ఈ ముక్క తబలా అన్న నాకు ముందే చెప్పి ఉండాల్సింది. తర్వాత అడిగితే నువ్వు అడగలేదు కదప్పా అన్నాడు.) అంతమంది పెద్దల ముందు మర్యాదగా ఏదో ఒకటి అనాలి కదా. ఏరన్న సన్నిధిలో గోవింద అన్నట్టు వీళ్లకూ ఒక మాట ఉంటుంది, మైదానంలో సభలు పెట్టినప్పుడు మైకుల్లో ఎన్నిసార్లు వినలేదు. రెండు చేతులూ జోడించి, భజన గొంతుతో, గోడలు అదిరేటట్టు "హల్లెలూయా టీచరమ్మా" అన్నాను.

ఒకాయన చేతిలోని పాటల పుస్తకం ఒళ్లోకి జారింది. ఇద్దరు ఆడపిల్లలు చున్నీలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తబలా అన్న తబలా మీది గుడ్డను ఎంతో శ్రద్ధగా మడతపెడుతూ నా వైపు చూడడమే మానేశాడు. టీచరమ్మ మాత్రం లేచి నా దగ్గరకొచ్చింది. కోప్పడుతుందనుకున్నాను. చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది.

"ఆ మాట ఇప్పుడు అనకూడదు నాయనా. దాన్ని పండుకోబెట్టినాము. పండగనాడు తెల్లారి లేపుతాము."

అప్పుడు తెలిసింది. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలమంతా వాళ్లు ఆ ఒక్క మాట పలకరట. ప్రభువు శ్రమపడిన రోజులు కదా, ఆనందంతో అనే మాటను ఆ రోజుల్లో పక్కన పెడతారు. పాటల్లో రాదు, ప్రార్థనలో రాదు, పొరపాటున కూడా నోట రాదు. ఏడాది పొడుగునా బల్ల వెనుక గోడకు వేలాడే ఒక తెల్లటి గుడ్డ ఉంది, దాని మీద ఆ మాటే ఎర్ర దారంతో కుట్టి ఉంటుంది. ఆ కాలం మొదలయ్యే భస్మ బుధవారానికి ముందు దాన్ని మడిచి కర్రపెట్టెలో పెట్టి తాళం వేస్తారు. మళ్లీ అది బయటికొచ్చేది పండగ తెల్లవారుజామున, సమాధుల తోటలో. అక్కడ ఒక్క గొంతు ముందుగా ఆ మాటను ఎత్తుకోవాలి, ఆ తర్వాతే గుడ్డ విప్పుతారు, ఆ తర్వాతే అందరూ పాడతారు. ఆ గొంతు ఎన్నో ఏళ్లుగా టీచరమ్మదే. పక్కన శృతి పట్టేది సారు. అంతమంది ఇన్ని వారాలుగా కాపలా కాసి పండుకోబెట్టిన మాటను నేను గుమ్మంలో నిలబడి తట్టి లేపానన్నమాట. భూమి చీలితే బాగుండుననుకున్నాను. ఆదోనిలో అంతా బండరాయే, ఎక్కడ చీలుతుంది.

పండగ పాట సారు కట్టిన వరుస. అది మోహన రాగమని నాకు చాలా కాలానికి తెలిసింది, అప్పటికి మాత్రం వేళ్లకు సుఖంగా ఉందని తెలుసు. ఆ పాటను శ్రమల కాలంలోనే నేర్చుకోవాలి, కానీ హల్లెలూయ వచ్చే చోట ఆ మాట అనకూడదు. మరేం చేస్తారంటే, అక్కడ అందరూ పెదవులు మూసుకుని రాగం మాత్రం తీస్తారు. మొదట్లో నాకు నవ్వొచ్చింది. నాలుగైదు సాయంత్రాలయ్యాక నవ్వు రాలేదు. పాట నడుస్తూ నడుస్తూ ఆ చోటికి వచ్చి, మూసిన ఇన్ని నోళ్ల లోపలి నుంచి సన్నగా రాగం మాత్రమే వినిపిస్తుంటే, ఆ లేని మాట ఉన్న మాటలన్నింటికంటే పెద్దదిగా తోచేది. మా భజనల్లో దేవుడి పేరు ఎంత ఎక్కువసార్లు అంటే అంత పుణ్యం. ఒక మాటను అనకుండా దాచుకుని కూడా దేవుణ్ణి కొలవవచ్చునని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇంటికొచ్చి అవ్వకు చెబితే ఆమెకు ఇందులో వింతేమీ కనిపించలేదు.

"మనింట్లో మీ తాత పోయినప్పుడు మగ్గం ఆపలేదా? పెద్దోళ్లు మొదటి నాడె ఏసినంక కదా మళ్లీ పలికింది. అదీ అట్లనే."

నేను తల గీరుకుంటూ బస్సులో వచ్చినంత దూరం ఆలోచించినది అవ్వ నూలు చుడుతూ తేల్చేసింది.

ఇక మంచి శుక్రవారం, అదే గుడ్ ఫ్రైడే. ఆ రోజు ఏం జరిగిందో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మిట్టమధ్యాహ్నం మొదలై మూడు గంటలదాకా జరిగే ఆరాధన. బల్ల మీద ఊదా రంగు పోయి నల్ల గుడ్డ వచ్చింది. బయట ఆదోని ఎండ నిప్పులు చెరుగుతోంది, లోపల ఫ్యాన్లు కూడా ఏడుస్తున్నట్టే తిరుగుతున్నాయి. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలను పాస్టరయ్య ఒక్కొక్కటిగా ధ్యానం చేయించడం, ప్రతి మాట తర్వాత ఒక పాట. ఎంత నిదానమైన పాటలంటే ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య మనిషి ఊరెళ్లి రావచ్చు. ఆరు పాటలదాకా బుద్ధిగానే ఉన్నాను. చివరి పాట దగ్గర, ప్రాణం విడిచే ఘట్టం, సభలో ఎవరో వెక్కుతున్నారు, నాకూ గుండె బరువెక్కి కళ్లు మూసుకున్నాను. అదే తప్పయింది. కళ్లు మూసుకున్న మనిషికి చేతుల మీద అదుపు ఉండదు. ఆఖరి చరణమని తెలియగానే నా వేళ్లు ఉరుకుంద బాట పట్టాయి. తబలా అన్న నన్ను ఆపాల్సింది పోయి, ఎన్నాళ్ల నుంచి ఎదురుచూస్తున్నాడో ఏమో, వెంట పడ్డాడు. పాడేవాళ్లు పాపం ఏం చేస్తారు, పాటతో పాటు ఉరికారు. వెనుక బెంచీలో ఒక పెద్దాయన చప్పట్లు కూడా మొదలుపెట్టాడు. మౌనంలోకి మెల్లగా కరిగిపోవాల్సిన పాటను మేమిద్దరం రథం లాగినట్టు లాగి, చివర్లో ధన్ మని ఒక దెబ్బతో నిలబెట్టాం. కళ్లు తెరిస్తే పాస్టరయ్య నల్ల అంగీలో కళ్లు గట్టిగా మూసుకుని ప్రార్థిస్తున్నాడు. నా కోసమే అయ్యుంటుంది.

అందరూ మాట్లాడకుండా వెళ్లిపోయాక టీచరమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమప్పా, అంత తొందరేముండాది నీకు? ఆడ ప్రభువు ప్రాణం ఇడుస్తాంటే మనం లాస్టు బస్సుకు ఉరికినట్ల ఉరుకుతామా?"

ఇక రావద్దంటుందని ఖాయం చేసుకున్నాను. ఆమె మాత్రం లోపలికి తిరిగి నడిచి, మూసి ఉన్న హార్మోనియం మీద చేయి వేసింది. తర్వాత మాట్లాడిన గొంతు వేరు.

"ప్రతి ఏడూ సారు శృతి పట్టుకుంటే నేను ఎత్తుకుంటాంటిని. ఈ ఏడు ఆయన ఆ తోటలోనే పండుకోనుండాడు. నా గొంతు లేస్తాదో లేదో నాకే తెలీదు నాయనా. నువ్వు మాత్రం శృతి ఇడవొద్దు."

దారిలో తబలా అన్న చెప్పాడు, ఈసారి వేరే ఎవరితోనైనా ఎత్తిద్దామా అని పాస్టరయ్య అడిగితే, ఈ ఏడాది తాను ఎత్తకపోతే ఆ మాట తన నోట్లోనే ఉండిపోతుందని, మళ్లీ ఎప్పటికీ పాడలేనని ఆమె అన్నదట. సంఘంలో ఇంకెవరూ ముందుకు రాలేదు. ఆమె ఉండగా ఎవరు ఎత్తుతారు? అప్పటిదాకా నా వాయిద్యం ఎలా ఉందన్నదే నా బాధ. ఒక మనిషి గొంతు మళ్లీ లేవడమన్నది నా చేతి కింది శృతి మీద ఆనుకుని ఉందని తెలిశాక, ఆ పెట్టెను చూస్తేనే భయం వేసింది.

పండగ ముందురోజు తబలా అన్న ఇంట్లోనే పడుకున్నాను. ఇంకా చీకటి ఉండగానే హార్మోనియాన్ని దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆయన మోపెడ్ వెనుక కూర్చున్నాను. మనసులో ఏరన్నకు దండాలు పెట్టుకుంటూనే ఉన్నాను. పాట కోసం కాదు, దయ్యాల కోసం. తెల్లవారకముందే సమాధుల మధ్యకు పోవడమంటే మా ఇళ్లలో చిన్న విషయమా? గేటు దాటి లోపలికి చూసిన వాణ్ణి చూసినట్టే నిలబడిపోయాను. ప్రతి సమాధి మీదా కొవ్వొత్తి. ఒకటి కాదు, పది కాదు, కొండ దాకా వెలుగే. కొత్తగా వేసిన సున్నం వాసన, బంతిపూల వాసన. దయ్యాలు ఉంటాయనుకున్న చోట జనం ఇంటి ముంగిలి ఊడ్చుకున్నట్టు తమవాళ్ల సమాధుల చుట్టూ ఊడ్చి, నీళ్లు చల్లి, పక్కనే చాపలు పరుచుకుని కూర్చున్నారు. ఒకామె వాళ్లమ్మ సమాధికి ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. భయపడాల్సిన చోట భయమే లేదు. చావును ఇంత దగ్గరగా కూర్చోబెట్టుకుని తెల్లవారడం కోసం ఎదురుచూసే మనుషులను నేను ముందెన్నడూ చూడలేదు.

సారు సమాధి పక్కనే నా చాప వేశారు. తెల్ల అంగీలో పాస్టరయ్య, ఆయన పక్కన మడిచిన గుడ్డను చెరో కొస పట్టుకుని ఇద్దరు సంఘ పెద్దలు. తూర్పున కొండల అంచు తెల్లబడుతోంది. పాస్టరయ్య వాక్యం చదివి పక్కకు జరిగాడు. నేను శృతి వేశాను. టీచరమ్మ ముందుకొచ్చి సమాధి వైపు కాకుండా తూర్పు వైపు తిరిగి నిలబడింది. నోరు తెరిచింది. మూసింది. కొవ్వొత్తులు చిటచిటలాడడం వినిపిస్తోంది. శృతి ఇడవొద్దు అన్న మాట ఒక్కటే తలుచుకుంటూ హార్మోనియం తిత్తి ఆడిస్తున్నాను. మళ్లీ నోరు తెరిచింది. ఈసారి ఊపిరి వచ్చింది, స్వరం కూడా తొలి అంచు తాకింది, అక్కడే తెగిపోయింది. గుడ్డ పట్టుకున్న పెద్దాయన కళ్లు ఒత్తుకున్నాడు. ఆమె భుజాలు కిందికి జారిపోవడం నాకు స్పష్టంగా కనిపించింది.

ఆ తర్వాత జరిగిందానికి నా బుద్ధికి ఏ సంబంధమూ లేదు. తెగిన గొంతు చెవిన పడింది, భజన గురువు దగ్గు గుర్తొచ్చింది, పాట కింద పడుతోంది, అంతే. నా నోరు దానంతట అదే తెరుచుకుని "హల్లెలూయా" అని అందుకుంది. మైకులేని తిరునాళ్లలో పెరిగిన గొంతు, వేయి మందిని దాటి పోయేలా పాడడమే తెలుసు దానికి. ఆదోని కొండలు ఆ మాటను తిరిగి నాకే అప్పగించాయి. ఆ మాటను జీవితంలో రెండోసారి అన్నాను, రెండుసార్లూ అనకూడని చోటే.

అందరూ నా వైపు తిరిగారు. తబలా అన్న ముఖం పండగనాటి సున్నం కంటే తెల్లగా ఉంది. పారిపోదామంటే ఒళ్లో హార్మోనియం, పైగా శృతి విడవొద్దన్నారు కదా, ఆ స్థితిలో కూడా తిత్తి ఆడిస్తూనే ఉన్నాను. టీచరమ్మ నా వైపు తిరగలేదు, కానీ ఆమె వీపు కదులుతోంది. ఏడుస్తోందనుకుని నా ప్రాణం పోయింది. తర్వాత తిరిగింది. నవ్వుతోంది. కళ్ల నిండా నీళ్లు, నోటి నిండా నవ్వు. ఆ నవ్వులోంచే, ఎక్కడ ఆగిందో సరిగ్గా అక్కడినుంచే, ఆమె గొంతు లేచింది. హల్లెలూయా అని సన్నగా మొదలై, నిండుగా పెరిగి, నా అరుపును చంటిపిల్ల చేయి పట్టుకున్నట్టు పట్టుకుని పైకి తీసుకుపోయింది. గుడ్డ విప్పారు. ఎర్ర అక్షరాలు గాలికి ఆడాయి. ఇన్ని వారాలు మూసుకున్న నోళ్లన్నీ ఒక్కసారి తెరుచుకున్నాయి. మగ గొంతులు కింద, ఆడ గొంతులు పైన, పిల్లలు ఎక్కడ పడితే అక్కడ. రాగం మాత్రమే తెలిసిన ఆ ఖాళీ చోట్లలోకి మాట వచ్చి కూర్చుంటుంటే నాకు కళ్లు కనిపించలేదు. ఆ మాటకు అర్థం కూడా నాకు అప్పటికి సరిగా తెలియదు. తెలియకుండానే ఏడ్చాను.

ఆఖరి చరణం వచ్చింది. నా వేళ్లు దురదపెడుతున్నాయి, పళ్లు బిగపట్టి నిదానంగా వాయిస్తున్నాను. టీచరమ్మ పాడుతూనే నా పక్కకొచ్చి వంగింది.

"ఇప్పుడు ఉరుకప్పా. ఇప్పుడే కదా ఉరకాల్సింది."

ఇంక చూసుకోండి. తబలా అన్న సంగతి చెప్పనే అక్కర్లేదు. సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి మేము ఎక్కడున్నామో మాకే తెలియదు. తర్వాత టీ గ్లాసుల దగ్గర నేను పాస్టరయ్యకు క్షమాపణ చెప్పబోతే, ఆయన నవ్వి, మొట్టమొదటి ఈస్టరు కబురు సమాధి దగ్గర చెప్పిన దేవదూత కూడా ఏ సంఘంలోనూ సభ్యుడు కాదు కదా అన్నాడు. సాయంత్రం ఇంటికి పోతే అవ్వ అడిగింది, మొదటి నాడె ఎవరు వేశారని. నేనే అవ్వా అన్నాను. ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, స్నానం చేసే పోయినావు కదా అని మాత్రం అడిగింది.

ఇప్పుడు ఎమ్మిగనూరులో నాదే ఒక చిన్న బట్టల కొట్టు. అవ్వ లేదు. భజనలకు శ్రావణంలో పోతూనే ఉన్నాను, ఈస్టరుకు మోపెడ్ వెనుక కూర్చోవడం కూడా మానలేదు. టీచరమ్మకు పాడే గొంతు పూర్తిగా పోయింది. ఆమె నేర్పిన ఒక అమ్మాయి ఇప్పుడు మొదటి మాట ఎత్తుకుంటుంది, నేను శృతి పడతాను. (నేను నోరు మూసుకునే ఉంటాను. అమ్మాయి అందుకునేదాకా తబలా అన్న అనుమానంగా నన్నే చూస్తుంటాడు.) టీచరమ్మ సారు సమాధి పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని వింటుంది. ఆఖరి చరణం రాగానే ఆమె చూపుడు వేలు గాల్లో గిర్రున తిరుగుతుంది, ఉరుకు అని. నేను ఉరుకుతాను. ఈ ఏడాది వేళ్లు పట్టేసి సగంలోనే వెనుకబడ్డాను, పాట నన్ను వదిలేసి ముందుకు పోయింది. పాట అయ్యాక ఆమె నన్ను దగ్గరికి పిలిచి, వినిపించీ వినిపించని ఆ గొంతుతో అడిగింది.

"ఏమప్పా, ఈసారి బస్సు దొరకలేదా?"

లేదు టీచరమ్మా అన్నాను. ఇద్దరం సారు సమాధి పక్కన కూర్చుని, ఎండ ఎక్కేదాకా నవ్వుకున్నాం.